విండోస్ 98 సిస్టమ్‌కి పెన్ డ్రైవ్ పెడితే డ్రైవర్ డిస్క్ అడుగుతోంది. ఫైళ్లు బయటికి తీసేదెలా?

రేపల్లె డీటీపీ
సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. పేజీలు కట్టడం నాకొచ్చు గానీ కంప్యూటర్ లోపలి సంగతులు రావు. చెప్పేవాళ్లు కాస్త ఓపిగ్గా, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినట్టు చెప్పండి.

మా మావయ్యగారు ప్రెస్సు కోసం 2001లో కొన్న సిస్టమ్ ఇది. పెంటియం 3, 128 ఎంబీ ర్యామ్, 20 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 98, పేజీలు కట్టే పేజ్‌మేకర్ 6.5. సీడీ డ్రైవ్ చదువుతుంది, రాయదు. ఫ్లాపీ డ్రైవ్ రెండేళ్ల కిందటే పోయింది. తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌కి వెనక ప్రింటర్ పోర్టులో పెట్టే లాక్ ఒకటి ఉంది. అది ఉంటేనే తెలుగు పడుతుంది. కొత్త లాప్‌టాప్‌లో ఆ పోర్టే లేదు. అందుకే ఈ ముసలిదాన్ని ఇంకా మోస్తున్నాను. నా వేళ్లు కూడా దీనికే అలవాటు పడ్డాయి. పెళ్లయి వచ్చిన ఏడాది మావయ్యగారే పక్కన కూర్చుని యాపిల్ కీబోర్డు (తెలుగు టైపు చేసే ఒక పద్ధతి) నేర్పారు.

ఇన్నాళ్లూ ఫైలు బయటికి తీయాల్సిన పనే పడలేదు. ఇక్కడే టైపు చేసి, లేజర్ ప్రింటర్లో ట్రేసింగ్ పేపర్ మీద తీసి, అచ్చు ప్లేటుకి పంపేదాన్ని. పోయిన నెల ఆ ప్రింటర్ చేతులెత్తేసింది. ప్లేట్లు చేసేవాళ్లేమో ట్రేసింగులు మానేశాం, పీడీఎఫ్ పంపండి అంటున్నారు. మాఘమాసం ముహూర్తాలు దగ్గరికొచ్చాయి, పదకొండు శుభలేఖలు చేతిలో ఉన్నాయి. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

సరే, పెన్ డ్రైవ్‌లో వేసుకెళ్దామని 64 జీబీది కొన్నాను. ముందు వైపు పోర్టులో పెట్టగానే కొత్త హార్డ్‌వేర్ దొరికిందని ఒక డబ్బా వస్తుంది, డ్రైవర్ డిస్క్ పెట్టమంటుంది. క్యాన్సిల్ కొడితే మై కంప్యూటర్లో ఏమీ కనబడదు. మా అబ్బాయి పెన్ డ్రైవ్ పెట్టినా అదే కథ. రెండూ లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా తెరుచుకుంటున్నాయి.

ఊళ్లో రిపేర్ చేసే ఒకాయన్ని పిలిస్తే, మూత కూడా తీయకుండా మదర్‌బోర్డు పోయిందమ్మా, పాత సామాన్లకి వేసెయ్యండి అని మూడొందలు పట్టుకెళ్లాడు. పోయిన బోర్డు మీద మౌస్, కీబోర్డు, పేజ్‌మేకర్ అన్నీ ఎలా పనిచేస్తున్నాయో అడిగితే జవాబు లేదు.

నాకు రెండు కావాలి. రోజూ చేసే పేజీలు పెన్ డ్రైవ్‌లో బయటికి రావాలి. 2001 నుంచి ఉన్న పాత పనులు మొత్తం, ఒక 3.2 జీబీ దాకా ఉన్నాయి, అవి ఒకసారి భద్రంగా లాప్‌టాప్‌లోకి చేరాలి.


క్లిక్ రాజా
సోమవారం, రాత్రి 11:05

98 ఏంటండీ బాబూ! మ్యూజియంలో పెడితే టికెట్టు పెట్టొచ్చు. విండోస్ 10 వేయించేయండి మేడమ్, అన్నీ సెట్ అయిపోతాయి.


రేపల్లె డీటీపీ
సోమవారం, రాత్రి 11:12

128 ఎంబీ ర్యామ్ మీద విండోస్ 10 ఎక్కించే మొనగాడు ఉంటే మా ఊరికి రమ్మనండి, బస్సు చార్జీలు నేనే ఇస్తాను.


పాత మదర్‌బోర్డు
మంగళవారం, ఉదయం 6:50

అమ్మా, మీ బోర్డుకి ఏమీ కాలేదు. పెన్ డ్రైవ్‌కీ ఏమీ కాలేదు. నేను సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పదిహేనేళ్లు సర్వీసు చేసినవాణ్ణి. ఈ కేసు అప్పట్లో వారానికి మూడు నాలుగు వచ్చేవి.

విండోస్ 98కి యూఎస్‌బీ మౌస్, కీబోర్డు తెలుసు. పెన్ డ్రైవ్‌లన్నిటికీ పనికొచ్చే ఉమ్మడి డ్రైవర్ (తగిలించిన వస్తువుతో విండోస్‌ని మాట్లాడించే చిన్న ప్రోగ్రాం) మాత్రం అందులో లేదు. అది విండోస్ ఎంఈ, 2000లతో వచ్చింది. అందుకే ఆ రోజుల్లో పెన్ డ్రైవ్ కొంటే డబ్బాలో చిన్న సీడీ ఒకటి ఉండేది, 98 వాళ్ల కోసం. ఇప్పుడు అమ్మేవాటికి ఆ సీడీ ఎవరిస్తారు? మీ సిస్టమ్ పాపం నిజమే చెబుతోంది, నాకు డ్రైవర్ లేదు, ఇవ్వండి అని.

దీనికి మందు ఉంది. మాక్సిమస్ డెసిమ్ అనే పేరుతో ఒకాయన చేసి పెట్టిన ఎన్‌యూఎస్‌బీ అనే డ్రైవర్ల మూట. వెర్షన్ 3.3 చూడండి. ఇది ఇంగ్లిష్ విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌కి. ముందు మీది సెకండ్ ఎడిషనో కాదో తేల్చుకోండి. మై కంప్యూటర్ మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్. అక్కడ 4.10.2222 ఏ అని ఉంటే సెకండ్ ఎడిషన్. 4.10.1998 అని ఉంటే మొదటిది, అప్పుడు ఇది వేయకండి, మళ్లీ ఇక్కడ చెప్పండి.

డ్రైవర్‌ని లోపలికి తీసుకెళ్లడం ఎలా అంటారా? సీడీ చదువుతుంది కదా. డ్రైవర్ ఫైల్ లాప్‌టాప్‌లో దింపుకుని సీడీ రాయించండి. రాసేటప్పుడు విండోస్ ఒక ప్రశ్న అడుగుతుంది, డిస్క్‌ని పెన్ డ్రైవ్‌లా వాడతారా, సీడీ ప్లేయర్ కోసమా అని. రెండోదే ఎంచుకోండి. మొదటిది ఎంచుకుంటే 98 ఆ సీడీని చదవలేదు. మామూలు సీడీ-ఆర్ కొనండి. మళ్లీ మళ్లీ రాసే రకం పాత డ్రైవ్‌లకి ఒక పట్టాన నచ్చదు.

వేసే ముందు స్టార్ట్, రన్‌లోకి వెళ్లి స్కాన్‌రెగ్‌డబ్ల్యూ (scanregw) అని కొట్టండి. విండోస్ సెట్టింగులన్నీ దాచుకునే రిజిస్ట్రీకి ఒక నకలు తీసి పెడుతుంది. ఏదన్నా తిరగబడితే డాస్‌లోంచి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఈ పని ఎగ్గొట్టకండి, మీ ఫాంట్ల సాఫ్ట్‌వేర్ ఆ రిజిస్ట్రీలోనే ఉంది. మళ్లీ ఎక్కించడానికి దాని సీడీ మీ దగ్గర ఉందో లేదో.

తర్వాత సిస్టమ్ ఆన్ అవుతుండగా ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి రండి. డివైస్ మేనేజర్‌లో పసుపు రంగు ప్రశ్నార్థకాలతో ఉన్నవి, ఇంతకుముందు పెన్ డ్రైవ్‌లు పెట్టినప్పుడు మిగిలిపోయినవి, అన్నీ తీసేయండి. అవి ఉంటే కొత్త డ్రైవర్ కుదురుకోదు. మళ్లీ మామూలుగా ఆన్ చేసి, ఎన్‌యూఎస్‌బీ వేసి, రీస్టార్ట్ చేసి, అప్పుడే పెన్ డ్రైవ్ పెట్టండి. మధ్యలో విండోస్ 98 సీడీ అడిగితే కంగారు పడకండి. సీ డ్రైవ్‌లో విండోస్, దాని లోపల ఆప్షన్స్, దాని లోపల క్యాబ్స్ అనే ఫోల్డర్ ఉందేమో చూడండి. కొత్తగా కొన్నప్పుడే విండోస్ ఎక్కించి ఇచ్చిన సిస్టమ్‌లలో చాలావాటికి అది ఉంటుంది. ఆ దారి చూపిస్తే చాలు.

ఇక ఆ 64 జీబీని పక్కన పెట్టండి. అది దాదాపుగా ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటుంది, 98కి ఆ భాష రాదు. ఫ్యాట్32 కావాలి. లాప్‌టాప్‌లో కుడి క్లిక్ కొట్టి ఫార్మాట్ చేద్దామంటే, 32 జీబీ దాటినవాటికి అక్కడ ఫ్యాట్32 అనే మాటే కనబడదు. 8 జీబీదో 16 జీబీదో తెచ్చుకుని, లాప్‌టాప్‌లోనే ఫ్యాట్32గా ఫార్మాట్ చేయండి. ఒకవేళ 98 తనంతట తాను ఫార్మాట్ చేయనా అని అడిగితే వద్దు అనండి.


రేపల్లె డీటీపీ
బుధవారం, రాత్రి 9:30

గారూ, మీరు ఎవరో తెలియదు గానీ మీ చేతికి దండం పెట్టాలి.

4.10.2222 ఏ అనే ఉంది. సీడీ మొదటిసారి తప్పు రాశాను, మీరు వద్దన్న ఆప్షనే నొక్కాను. రెండోదానికి తెరుచుకుంది. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తులు ఏకంగా ఏడు ఉన్నాయి. నేను పెట్టిన పెన్ డ్రైవ్‌లు రెండే, మిగతా అయిదూ ఎవరెవరు ఎప్పుడు పెట్టారో! అన్నీ తీసేశాను. విండోస్ సీడీ అడిగింది, క్యాబ్స్ ఫోల్డర్ చూపించాను, గుటుక్కున మింగేసింది. 8 జీబీ పెన్ డ్రైవ్ పెడితే మై కంప్యూటర్లో ఈ (E) అనే డ్రైవ్ వచ్చింది. మావయ్యగారిని పిలిచి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, మరి మదర్‌బోర్డు పోయిందన్నాడుగా వాడు, అన్నారు.

కానీ సంతోషం పూట కూడా నిలవలేదు. ఇప్పుడు రెండు కొత్త తలనొప్పులు.

ఒకటి. పాత పనుల ఫోల్డర్ మొత్తం పట్టుకుని కాపీ పెట్టాను. కాగితాలు ఎగురుతున్న బొమ్మ వస్తోంది, ఎంతకీ అవదు. ఇరవై నిమిషాలకి నీలం తెర వచ్చింది, డ్రైవ్ ఈ మీద రాయలేకపోతున్నానని. తీసి పెట్టి మళ్లీ మొదలెడితే ఈసారి పది నిమిషాలకే. లాప్‌టాప్‌లో చూస్తే సగం ఫైళ్లు ఉన్నాయి, వాటిలో కొన్ని సున్నా కేబీ.

రెండు. ఇది ఇంకా వింత. పెళ్లివారు వాట్సాప్‌లో మ్యాటర్ పంపుతారు. దాన్ని లాప్‌టాప్‌లో యూనికోడ్ (ఫోన్లలో, నెట్‌లో వాడే అక్షరాల కోడ్) నుంచి మా ఫాంట్ల కోడ్‌లోకి మార్చి, నోట్‌ప్యాడ్‌లో పెట్టి, పెన్ డ్రైవ్‌లో వేసి ఇటు తెచ్చాను. ఫైలుకి మా అబ్బాయి ముద్దుగా తెలుగులో పేరు పెట్టాడు, శుభలేఖ అని. 98లో ఆ పేరు స్థానంలో అన్నీ కింది గీతలే. తెరవబోతే అలాంటి ఫైలే లేదంటుంది. కళ్లెదురుగా ఉన్నదాన్ని లేదంటే ఏం చేయను? పేరు ఇంగ్లిష్‌లోకి మార్చి తెస్తే తెరుచుకుంది గానీ, పేజ్‌మేకర్‌లో పెట్టి మా ఫాంట్ వేస్తే చిరంజీవి అని ఉండాల్సిన చోట ఏదో భూతాల భాష. కొన్ని అక్షరాలు బానే ఉన్నాయి, కొన్నిటి ముందు అక్కర్లేని ముక్కలు వచ్చి కూర్చున్నాయి. పెన్ డ్రైవే ఫైళ్లని పాడు చేస్తోందా?


ఓరుగల్లు లేఅవుట్
బుధవారం, రాత్రి 10:15

అక్కా, రెండోదానికి నేను చెప్తా. నాది కూడా ఇదే పని, వరంగల్. ఈ భూతాల భాష నేను నెల రోజులు చదివిన.

పేరు సంగతి ముందు. పెన్ డ్రైవ్ మీద పొడుగు పేర్లు యూనికోడ్‌లోనే రాసి ఉంటయి. కానీ 98 లోపల యూనికోడ్‌లో నడవదు, దానికి తెలిసిన అక్షరాల పట్టిక ఒకటే ఉంది, ఇంగ్లిష్‌ది. ఆ పట్టికలో లేని అక్షరం వస్తే కింది గీత గీసి చూపిస్తది. మీరు దాని మీద క్లిక్ కొడితే, ఆ గీతల పేరుతోనే ఫైలు కోసం వెతుకుతది. ఆ పేరుతో ఫైలు ఎక్కడుంటది? అందుకే లేదంటది. బాబుకి చెప్పండి, 98కి పోయే ఫైలు పేరు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు మాత్రమే. ఎక్స్‌పీలో అయితే తెలుగు పేర్లతో ఈ గొడవ లేదు.

ఇగ లోపలి మ్యాటర్. పెన్ డ్రైవ్ ఏం పాడు చెయ్యలే అక్కా. నోట్‌ప్యాడ్ చేసింది. మన పాత తెలుగు ఫాంట్లల్ల తెలుగు అక్షరం అనేదే ఉండదు కదా, ఇంగ్లిష్ అక్షరాలు, పైన చుక్కలు టోపీలు ఉన్న యూరప్ అక్షరాలు, వాటి స్థానంలో మన గుణింతాల బొమ్మలు పెట్టిన్రు. ఒక్కో ముక్కకి ఒక్కో బైటు. ఇప్పటి నోట్‌ప్యాడ్, విండోస్ 10 1903 వెర్షన్ నుంచి, ఏమీ చెప్పకపోతే యూటీఎఫ్-8 అనే యూనికోడ్ పద్ధతిలో సేవ్ చేస్తది. అట్ల చేస్తే మామూలు ఏబీసీడీలకి ఒక్క బైటే, కానీ ఆ చుక్కలు టోపీల అక్షరాలకి రెండేసి, మూడేసి బైట్లు పడతయి. 98కి ఆ సంగతి తెల్వదు, ప్రతి బైటునూ ఒక అక్షరం అనుకుంటది. అందుకే కొన్ని అక్షరాలు బాగున్నయి, కొన్నిటికి తోకలు మొలిచినయి.

పరిష్కారం చిన్నదే. నోట్‌ప్యాడ్‌లో సేవ్ యాజ్ కొట్టినప్పుడు కింద ఎన్‌కోడింగ్ అని ఉంటది. అక్కడ యాన్సీ ఎంచుకోండి, అది ఒక్కో అక్షరానికి ఒక్క బైటే రాసే పాత పద్ధతి. ఏవో అక్షరాలు పోతాయని హెచ్చరిక వస్తే మాత్రం ఆగండి. అంటే మ్యాటర్‌లో ఇంకా మారని యూనికోడ్ ముక్క ఎక్కడో మిగిలిందన్నట్టు. సాధారణంగా అది వాట్సాప్‌లో పెళ్లివాళ్లు పెట్టిన పూల బొమ్మ, దండం బొమ్మ అయి ఉంటది. అవి తీసేసి సేవ్ చేయండి.


పాత మదర్‌బోర్డు
గురువారం, ఉదయం 6:20

వరంగల్ తమ్ముడు చక్కగా చెప్పాడు, నాకు ఈ యాన్సీ సంగతి తెలియదు. నేను కాపీ విషయం చూస్తాను.

ముందు వైపు పోర్టులోనే పెడుతున్నారు కదూ? దాని నుంచి తీయండి. ఆ కాలం డబ్బాల్లో ముందు పోర్టుకి బోర్డు నుంచి సన్నటి తీగలు లాగి ఉంటాయి. ఇరవై ఏళ్ల దుమ్ము, తుప్పు, వదులు. పెన్ డ్రైవ్ చదివేటప్పటికంటే రాసేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది, ఆ తీగల్లో వోల్టేజీ పడిపోతే మధ్యలోనే కళ్లు మూస్తుంది. అదే మీ నీలం తెర. వెనక, నేరుగా బోర్డు మీదే ఉన్న పోర్టు వాడండి. చేయి అందకపోతే బల్ల కాస్త ముందుకు జరపండి గానీ, పొడిగింపు వైరు మాత్రం పెట్టకండి.

ఎలాగూ వెనక్కి వెళ్తున్నారు కనుక, కరెంటు తీసేసి ఒకసారి పక్క మూత విప్పండి. ప్రాసెసర్ చుట్టుపక్కల నిలబడ్డ చిన్న చిన్న డబ్బాల్లాంటివి కెపాసిటర్లు. వాటి తలలు చదునుగా ఉండాలి. పూరీలా ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా నాకు చెప్పండి. ఆ ఏళ్లలో వచ్చిన బోర్డులకి ఆ జబ్బు ఎక్కువ.

ఎంతకీ అవట్లేదన్నారు. అది జబ్బు కాదు, దాని నడకే అంత. మీ పోర్టు యూఎస్‌బీ 1.1. కాగితం మీద సెకనుకి 12 మెగాబిట్లు. చేతికి వచ్చేది మహా అయితే సెకనుకి ఒక ఎంబీ. అంటే 3.2 జీబీకి అన్నీ బాగుంటేనే గంట. మీవి చిన్న చిన్న ఫైళ్లు వేల సంఖ్యలో ఉంటాయి, ఒక్కో ఫైలునీ పెన్ డ్రైవ్‌లోని ఫైళ్ల పట్టికలో విడిగా ఎక్కించాలి, ఇంకా నిదానం. యూపీఎస్ బ్యాటరీ సంగతి చూసుకుని మొదలెట్టండి.

ఒక్కసారిగా మొత్తం పట్టుకోకండి. ఫైళ్లని మూటకట్టే 7-జిప్ పాత వెర్షన్ 9.20 విండోస్ 98 మీద నడుస్తుంది. దాంతో ఏడాదికో జిప్ కట్టండి, సీ డ్రైవ్ మీదే. తర్వాత ఒక్కో జిప్‌ని పెన్ డ్రైవ్‌కి కాపీ చేయండి. దీనివల్ల ఇంకో లాభం. జిప్ లోపల ప్రతి ఫైలుకీ ఒక లెక్క రాసి ఉంటుంది. లాప్‌టాప్‌లో జిప్ మీద టెస్ట్ కొడితే ఒక్క బైటు తేడా వచ్చినా పట్టేస్తుంది. సున్నా కేబీ ఫైళ్ల కోసం కళ్లు చించుకోనక్కర్లేదు.

అయిపోగానే పెన్ డ్రైవ్ లాగేయకండి. గడియారం పక్కన కొత్తగా ఒక చిన్న గుర్తు వచ్చి ఉంటుంది, దాని మీద నొక్కి ఆపి, తీయొచ్చు అని చెప్పాకే తీయండి. మీ రెండో ప్రయత్నం పదినిమిషాలకే చావడానికి, మొదటిసారి సగంలో లాగేసినప్పుడు చెదిరిన పట్టిక కూడా కారణం కావచ్చు. ఆ పెన్ డ్రైవ్‌ని లాప్‌టాప్‌లో మళ్లీ ఫార్మాట్ చేసి మొదలెట్టండి.


ఓరుగల్లు లేఅవుట్
గురువారం, ఉదయం 9:10

ఇంకొక్కటి అక్కా. పేజ్‌మేకర్‌లో బొమ్మలు చాలావరకు ఫైలు లోపల ఉండవు, దారి మాత్రమే ఉంటది. పీ65 (పేజ్‌మేకర్ ఫైలు) ఒక్కటే పట్టుకొస్తే వినాయకుడు రాడు, చౌకం గీత ఒక్కటే వస్తది. ఫోల్డర్లకి ఫోల్డర్లే జిప్ చేయండి. విడిగా ఒక పని తీయాలంటే, సేవ్ యాజ్ డబ్బాలో కాపీ దగ్గర లింకైన ఫైళ్లన్నీ అనే ఆప్షన్ ఉంటది, అది పెట్టి పెన్ డ్రైవ్ కోసం వేరే ఫోల్డర్‌లో సేవ్ చేయండి.

రోజూ పనికి పీ65 మోయాల్సిన పనే లేదు. పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ ఒకటి ఎక్కించి, పోర్టు దగ్గర ఫైల్ అని పెట్టి ప్రింట్ కొట్టండి. పీఎస్ ఫైలు వస్తది, ఫాంట్లు అందులోనే కూర్చుంటయి. అది లాప్‌టాప్‌కి తెచ్చి గోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాంతో పీడీఎఫ్ చేస్తే అయిపాయె. కానీ ఆ ప్రింట్ నేరుగా పెన్ డ్రైవ్ మీదికి కొట్టకండి. ముందు సీ డ్రైవ్ మీద, తర్వాత కాపీ.


రేపల్లె డీటీపీ
ఆదివారం, మధ్యాహ్నం 3:20

మూడు రోజులు మాయమయ్యాను, ఏమనుకోకండి. పదకొండు శుభలేఖల్లో ఎనిమిది ప్లేట్లకి వెళ్లిపోయాయి. తమ్ముడూ, యాన్సీ పెట్టగానే చిరంజీవి చిరంజీవిలాగే వచ్చాడు. హెచ్చరిక కూడా వచ్చింది. నువ్వన్నట్టే చివర్లో రెండు దండం బొమ్మలు, ఒక గుత్తి పూలు.

మూత విప్పాను. లోపల బల్లి గుడ్లు రెండు, మూడు సాలెగూళ్లు. కెపాసిటర్లు లెక్కపెట్టి మరీ చూశాను, తలలన్నీ చదునుగానే ఉన్నాయి. వెనక పోర్టులో పెట్టాక నీలం తెర మళ్లీ రాలేదు. ఒకే ఒక్క పోర్టు మార్పుకి ఇంత తేడా ఉంటుందని నేను అనుకోలేదు.

మావయ్యగారి అలవాటు మంచిదే అయింది, ఏడాదికో ఫోల్డర్ ఆయనే పెట్టించారు. రోజూ రాత్రి భోజనాలయ్యాక నాలుగైదు జిప్‌లు. 210 ఎంబీ జిప్‌కి నా గడియారంలో నాలుగు నిమిషాలు పైచిలుకు. మీరు చెప్పిన లెక్కే. బయోస్ బ్యాటరీ పోయి రోజూ పొద్దున్నే తేదీ చేత్తో పెట్టుకుంటాను. శుక్రవారం మర్చిపోయాను, ఆ రోజు చేసిన జిప్‌ల మీద ఏవో పాత తేదీలు పడ్డాయి. పేర్లలో ఏడాది రాసుకున్నాను కాబట్టి బతికిపోయాను.

అన్నీ టెస్ట్‌లో పాసయ్యాయి, 2004 తప్ప. అది అసలు జిప్పే అవట్లేదు. ప్రతిసారీ ఒకే చోట ఆగుతుంది. డిస్క్ నుంచి టకటకమని, ఎవరో గోరుతో తలుపు కొట్టినట్టు చప్పుడు. అయిదు నిమిషాలు అలా కొట్టుకుని, చదవలేనని చెబుతుంది. ఆ ఫైలు ఏంటో వెతికితే కృష్ణా పుష్కరాలప్పటి కరపత్రంలో పెట్టిన టిఫ్ బొమ్మ. అప్పుడు మేం ఊరంతటికీ వేశాం అది. డిస్క్‌లో లోపాలు వెతికే స్కాన్‌డిస్క్ పెట్టమంటారా?


పాత మదర్‌బోర్డు
ఆదివారం, మధ్యాహ్నం 3:45

వద్దమ్మా, స్కాన్‌డిస్క్ జోలికి పోకండి! ఆ చప్పుడు హార్డ్ డిస్క్‌ది, పెన్ డ్రైవ్‌కి సంబంధం లేదు. చావబోతున్న డిస్క్ మీద స్కాన్‌డిస్క్ పెడితే పాడైన చోటే గంటల తరబడి గీకుతుంది, మంచి చోట్లు కూడా పోతాయి. ఆ ఒక్క ఫైలు వదిలేసి 2004లో మిగతావన్నీ ఇప్పుడే జిప్ చేయండి. ఈ రాత్రికే బయటికి తీయండి.

తర్వాత డిస్క్ మొత్తానికి నకలు తీయాలి. లేకపోతే ఇది ఆగిన రోజున మీ ఫాంట్లు, పేజ్‌మేకర్ అన్నీ పోతాయి, లాక్ ఒక్కటే చేతిలో మిగులుతుంది. మీదాంట్లో ఉన్నలాంటి ఐడీఈ అనే పాత రకం డిస్క్‌ని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్ దొరుకుతుంది. కరెంటు ఇచ్చే ముక్క దాంతోపాటు ఉన్నదే తీసుకోండి, ఆ డిస్క్‌కి యూఎస్‌బీ కరెంటు సరిపోదు. డిస్క్ విప్పి లాప్‌టాప్‌కి తగిలిస్తే, పెన్ డ్రైవ్ కంటే ఎన్నో రెట్లు వేగం. మీది ఫ్యాట్32యే కాబట్టి లాప్‌టాప్ నేరుగా చదువుతుంది. తగిలించగానే లోపాలున్నాయి, సరిచేయనా అని విండోస్ అడిగితే వద్దనండి. ముందు ఇమేజ్, అంటే ఆ మొత్తం నకలు, తర్వాతే ఏదైనా.

నిజానికి మొదటి రోజే ఈ మాట చెప్పాల్సింది నేను. ఇరవై ఏళ్ల డిస్క్ అని తెలిసి కూడా డ్రైవర్ గొడవలో పడిపోయాను.


రేపల్లె డీటీపీ
ఆదివారం, రాత్రి 11:50

2004 అయింది, ఆ ఒక్క టిఫ్ తప్ప. కరపత్రం అచ్చు కాపీ మావయ్యగారి ఇనప బీరువాలో ఉందట, స్కాన్ చేసుకుంటాను. అడాప్టర్ ఆర్డర్ పెట్టాను, గురువారం వస్తుందంటున్నారు. అప్పటిదాకా మిగిలిన మూడు శుభలేఖలు చేసి సిస్టమ్ ఆపేస్తాను, ఊరికే ఆన్‌లో ఉంచను.

డిస్క్ వెనకాల తీగలకి, కరెంటు ముక్కకి మధ్యలో చిన్న ప్లాస్టిక్ టోపీ ఒకటి ఉంది, రెండు సూదుల మీద తొడిగి. అదేంటి, కదపొచ్చా?


పాత మదర్‌బోర్డు
సోమవారం, ఉదయం 6:05

దాన్ని జంపర్ అంటారు. అడాప్టర్‌కి తగిలించేటప్పుడు అది మాస్టర్ స్థానంలో ఉండాలి. ఎటు అనేది ఒక్కో డిస్క్‌కి ఒక్కోలా ఉంటుంది, పైన అతికించిన లేబుల్ మీద బొమ్మ వేసి ఉంటుంది. ఇప్పుడెలా ఉందో ఫోన్‌లో ఒక ఫోటో తీసి పెట్టుకున్నాకే కదపండి. మళ్లీ లోపల బిగించేటప్పుడు అలాగే ఉండాలి. ఆ లేబుల్ ఫోటో ఇక్కడ పెట్టండి, నేను చూసి చెబుతాను.